ఆర్థిక మంత్రి గారికి: కొత్తపేటలో మూతబడిన ఒక హోటల్ లెక్కలు

రాష్ట్ర ఆర్థిక మంత్రి గారికి,

నమస్కారం. మాది దేవరకొండ దగ్గర చిన్న ఊరు. ఇప్పుడు నల్లగొండలో, క్లాక్ టవర్‌కు కొంచెం అవతల కర్రీ పాయింట్ నడుపుకుంటున్నాం. అంతకు ముందు 2006 నుంచి 2022 దాకా హైదరాబాద్ కొత్తపేటలో, పండ్ల మార్కెట్ వెనక సందులో మాకు హోటల్ ఉండేది. ఆరు బల్లలు, పదకొండు మంది పనివాళ్లు. పొయ్యి దగ్గర మా ఆయన, గల్లా మీద నేను.

హోటల్ ఎందుకు మూశారని ఎవరడిగినా "గిరాకీ లేక" అనడం మాకు అలవాటైపోయింది. అసలు సంగతి చెప్పాలంటే గంట పడుతుంది, వినే ఓపిక ఎవరికీ ఉండదు. ఈ ఉత్తరంలో మీ దగ్గర ఆ గంట అడుగుతున్నాను. మా ఒక్కరి కష్టం చెప్పుకోవడానికి కాదు. మలక్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా ఆ రోడ్డు పొడుగునా మాలాంటి చిన్న హోటళ్లు ఎన్ని మూతబడ్డాయో నా కళ్లతో చూశాను. నాకు తెలిసి షట్టర్ దించినవాళ్లలో చాలామంది మా జిల్లావాళ్లు, లేకపోతే పాలమూరువాళ్లు. హైదరాబాద్‌లో హోటళ్లు ఎక్కువైపోయాయి కదా, ఎక్కడ చూసినా బోర్డులే కదా అని మీకు అనిపించవచ్చు. బోర్డులు పెరిగిన మాట నిజమే. కూలి మనిషి కూర్చుని కడుపునిండా తిని, ఎవరికీ భారం కాకుండా లేచిపోయే హోటళ్లు మాత్రం తగ్గిపోయాయి.

గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ అని పేరు గానీ అది ఉన్నది కొత్తపేటలో. దాదాపు 22 ఎకరాలు. రాత్రి రెండు దాటితే నల్లగొండ బత్తాయి లారీలు, డీసీఎంలు వచ్చి ఆగేవి. వేసవిలో మామిడి బండ్లతో రోడ్డు నిండిపోయేది. మా హోటల్‌లో లైటు మూడింటికి వెలిగేది. హమాలీలు ఒక లారీ ఖాళీ చేసి, రెండో లారీ వచ్చేలోపు నలుగురైదుగురు కలిసి వచ్చేవాళ్లు. వాళ్లకు ఉప్మా మీదికి పల్లీ చట్నీ ఆనేది కాదు, మిరపకాయ తొక్కు కావాలి. అది ఇంటి దగ్గర నూరి తెచ్చేదాన్ని. నాలుగున్నరకు డ్రైవర్లు, ఆరింటికి మార్కెట్ గుమాస్తాలు, ఎనిమిదింటికి కోచింగ్ పిల్లలు. పదకొండుకల్లా రైతులు భోజనానికి వచ్చేవాళ్లు, ఎందుకంటే వాళ్లు ముందురోజు సాయంత్రం తిన్న తిండే.

గుర్రంపోడు దిక్కు నుంచి ఒక పెద్దాయన వచ్చేవాడు. సీజన్‌లో వారానికోసారి. సరుకు అమ్ముడుపోయి తక్‌పట్టీ, అంటే అమ్మకం లెక్క రాసిన చీటీ, చేతికి రాగానే నేరుగా మా గల్లా దగ్గరికి వచ్చి, కళ్లద్దాలు మర్చిపోయానని చెప్పి నాతో చదివించుకునేవాడు. కమీషన్ ఎంత పట్టారు, హమాలీ ఎంత, కిరాయి ఎంత, చేతికి ఎంత. ప్రతిసారీ చివరి అంకె రెండుసార్లు చదవమనేవాడు. చదవడం అయ్యాక డబ్బు సంచీ నా దగ్గరే పెట్టి, చెయ్యి కడుక్కుని, ప్లేట్ మీల్స్ తినేవాడు. ఆయన మార్కెట్‌లోపల ఎవరినీ నమ్మేవాడు కాదు. మమ్మల్ని నమ్మేవాడు, ఎందుకంటే మాదీ దేవరకొండ దిక్కే.

2021లో ఆ మార్కెట్‌ను మూసేశారు. అక్కడ పెద్ద ఆసుపత్రి కడతామన్నారు. కట్టాలి కూడా. నల్లగొండ నుంచి పేషెంటును తీసుకుని నిమ్స్‌కో ఉస్మానియాకో పోవాలంటే ఆ ట్రాఫిక్‌లో ఎంత నరకమో మాకంటే ఎవరికి తెలుసు? ఎల్బీనగర్ వైపే పెద్ద ఆసుపత్రి వస్తే మొదట బాగుపడేది మా జిల్లావాళ్లే. కాబట్టి ఆ నిర్ణయం మీద నాకు కోపం లేదు. మార్కెట్‌ను అవుటర్ రింగ్ రోడ్డు అవతల, విజయవాడ హైవే మీద బాటసింగారానికి మార్చారు. కమీషన్ ఏజెంట్లు తమకు వసతులు కావాలని కోర్టుకు వెళ్లారు. వాళ్ల గురించి, వ్యాపారుల గురించి, హమాలీల గురించి, రైతుల గురించి పేపర్లలో వార్తలొచ్చాయి, మాట్లాడటానికి అధికారులు వచ్చారు. ఆ మార్కెట్ మీద ఆధారపడి చుట్టూ సందుల్లో తెల్లారేసరికి పొయ్యి వెలిగించే హోటళ్ల గురించి మాత్రం ఎవరూ ఒక్క మాట అడగలేదు. మీరెంతమంది, మీ గతేంటి, అక్కడ మీకు రెండు షట్టర్లు ఇవ్వమంటారా అని అడిగినవాళ్లు లేరు. మేము ఏ జాబితాలోనూ లేము.

నేను చెప్పదలచుకున్నది ఇదే. హైదరాబాద్‌లో చిన్న హోటల్ గిరాకీ లేక మూతబడట్లేదు. రోడ్డు వేసేటప్పుడు, మార్కెట్ మార్చేటప్పుడు, పన్ను నిర్ణయించేటప్పుడు, లాక్‌డౌన్‌లో సాయం ప్రకటించేటప్పుడు మమ్మల్ని ఎవరూ లెక్కలో వేసుకోలేదు. ఒక్కో దెబ్బ తట్టుకునేవాళ్లమేమో. అన్నీ పదేళ్లలో వచ్చిపడ్డాయి.

మెట్రో పనులు జరిగినన్నాళ్లు కొత్తపేట రోడ్డు ఎలా ఉండేదో ఆ దారిన పోయినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. 2018 సెప్టెంబర్‌లో ఎల్బీనగర్ దాకా రైలు మొదలైంది, జనానికి మేలు జరిగింది. కానీ అంతకు ముందు మూడు నాలుగేళ్లు మా సందు మొగదల రేకులు అడ్డం పెట్టి ఉండేవి. బండి ఆపే చోటు లేక గిరాకీ మూడోవంతు పోయింది. కిరాయి మాత్రం ఒక్క రూపాయి తగ్గలేదు. పైగా మెట్రో వస్తోంది కదా, ఈ ఏరియాకు డిమాండ్ పెరుగుతుంది కదా అని మా కాంప్లెక్స్ ఓనరు కిరాయి పెంచాడు.

తర్వాత కరోనా. 2020 మార్చిలో మూసిన హోటల్ జూన్ 8న తెరిచాం. మళ్లీ 2021 మే 12 నుంచి నెల రోజులకు పైగా లాక్‌డౌన్. కోచింగ్ సెంటర్లు ఫోన్‌లోకి వెళ్లిపోయాయి, దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లు ఖాళీ అయ్యాయి. రోడ్డు మీద బండి పెట్టుకున్నవాళ్లకు కేంద్రం 2020లో పదివేల అప్పు పథకం తెచ్చింది, మంచిది. వ్యాపారులకు తాకట్టు లేని అదనపు అప్పు అన్నారు. మేము బ్యాంకుకు వెళ్లాం. మీకు మా దగ్గర పాత అప్పు ఉందా అని అడిగారు. లేదన్నాం. మేము పదిహేనేళ్లూ చీటీలు పాడి, చేబదులు తెచ్చి నడిపినవాళ్లం, బ్యాంకుకు బాకీ పడలేదు. పాత అప్పు ఉన్నవాళ్లకే కొత్త అప్పు ఇస్తారట. బండి వాళ్లలో మేము లేము, బ్యాంకు ఖాతాదారుల్లోనూ లేము. మూడు రూపాయల వడ్డీకి తెచ్చి పనివాళ్లకు సగం జీతాలిచ్చాం.

ఇక పన్ను సంగతి. ఇది నేరుగా మీ చేతిలో పని కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చినప్పుడు ఏసీ లేని హోటల్‌కు 12 శాతం పెట్టారు. కానీ మేము కొన్నవాటి మీద కట్టిన పన్నును అందులోంచి తీసేసుకునే వీలుండేది. అదే ఏడాది నవంబర్ 15 నుంచి 5 శాతం చేసి, ఆ వీలు ఎత్తేశారు. తినేవాళ్లకు 5 అంటే తేలికే, అందుకు నేనూ సంతోషించాను. ఎత్తేసిన ఆ వీలు మా మీద ఎంత పడుతుందో తెలియడానికి ఏడాది పట్టింది.

కూరగాయల మీద, పాల మీద పన్ను లేదు. మాకు పడేది వేరే చోట. మా కిరాయి 45 వేలు, దాని మీద 18 శాతం అంటే నెలకు 8,100. ఇంట్లో వాడే సిలిండర్ మీద పన్ను 5 శాతం, మేము వాడే 19 కిలోల కమర్షియల్ సిలిండర్ మీద 18 శాతం. రెండు వేలకు వచ్చే సిలిండర్‌లో పన్నే మూడొందల పైచిలుకు. మాకు నెలకు 35 సిలిండర్లు పట్టేవి. అంటే పదివేల పైమాట. ఈ రెండింటికే నెలకు పద్దెనిమిది వేలు దాటేది, అందులో ఒక్క రూపాయి తిరిగి రాదు. ఒక దోశె మాస్టర్ జీతం అది. పెద్ద హోటల్ వాళ్లు ధర పెంచి ఇందులోంచి బయటపడతారు. హమాలీకి ఇడ్లీ మీద అయిదు రూపాయలు పెంచితే అతను రేపటి నుంచి రాడు, వచ్చినా ఒక ప్లేట్ తగ్గించి తింటాడు. ఆ ప్లేట్ తగ్గించిన మనిషి ముఖం చూస్తూ గల్లా మీద కూర్చోవడం నావల్ల కాలేదు. అందుకే మేము ధరలు పెంచాల్సినంత పెంచలేదు. అది మా తప్పే అని మా ఆడిటర్ అన్నాడు.

2024 సెప్టెంబర్‌లో వంట నూనెల మీద దిగుమతి సుంకం ఒక్కసారిగా పెంచారు. అప్పటికి మేము కొత్తపేట వదిలేశాం గానీ నల్లగొండలో కూడా నూనె డబ్బా రేటు వారంలో మారిపోయింది. వడలు, బోండాలు వేసేవాళ్లకు ఆ వారం ఎలా గడిచిందో అడిగి చూడండి.

మార్కెట్ వెళ్లిపోయాక నిలబడటానికి చివరి ప్రయత్నంగా తిండి ఇంటికి చేర్చే ఫోన్ యాప్‌లో చేరాం. మొదటి వారం ఆర్డర్లు టకటకా వచ్చాయి, మా ఆయన ముఖంలో చాలా రోజుల తర్వాత వెలుగు చూశాను. వారం చివర లెక్క వచ్చింది. 120 రూపాయల భోజనం మీద మాకు పడిన కమీషన్ 24 శాతం, అంటే దాదాపు 29 రూపాయలు. ఆ కమీషన్ మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ, అయిదు రూపాయలు. మిగిలిన 86లో అన్నం, పప్పు, రెండు కూరలు, పెరుగు, డబ్బాలు, కవరు. ఆఫర్ పెట్టిన రోజు అందులో కొంత మా వాటా. పైన కనబడాలంటే ప్రకటనకు వేరే డబ్బు. ఆ కాగితం పట్టుకుని చివరి అంకె నేను రెండుసార్లు చదువుకున్నాను. గుర్రంపోడు పెద్దాయన తక్‌పట్టీ గుర్తొచ్చింది. ఆయనకు చదివి పెట్టడానికి నేనున్నాను, నాకు చదివి పెట్టేవాళ్లెవరు అనిపించింది.

ఇది నా ఒక్కదాని గోడు కాదు. హోటళ్ల జాతీయ సంఘం ఫిర్యాదు మీద 2022 ఏప్రిల్‌లోనే, వ్యాపారంలో పోటీ సక్రమంగా ఉందో లేదో చూసే కాంపిటీషన్ కమిషన్ రెండు పెద్ద డెలివరీ కంపెనీల మీద విచారణకు ఆదేశించింది. పెద్ద సంఘాలకు లాయర్లుంటారు. ఆరు బల్లల హోటల్ వాళ్లకు అంత స్తోమత ఎక్కడిది?

2022 ఆగస్టులో షట్టర్ దించాం. గ్రైండర్, రెండు ఫ్రిజ్‌లు, బల్లలు పాత సామాన్ల వాళ్లు తీసుకెళ్లారు. దోశె పెనం మాత్రం మా ఆయన ఇవ్వలేదు. పదహారేళ్లు రోజూ ఉల్లిగడ్డ రుద్ది రుద్ది అద్దంలా అయిన పెనం. తూకానికి ఇస్తే ఎంతొస్తుందో వాళ్లు చెప్పారు, ఆయన విననట్టే పెనం ఎత్తి ఆటోలో పెట్టాడు.

హోటల్ మూసిన రోజు మేము పోగొట్టుకున్నది మా లెక్క. మిగతావాళ్లది కూడా చెప్పాలి. చందంపేట దిక్కు తండా నుంచి ఒకామె మాకు మోదుగాకు విస్తర్లు పంపేది. వందకో కట్ట, నెలకు ముప్పై నలభై కట్టలు, దేవరకొండ బస్సులో వేస్తే మేము దిల్‌సుఖ్‌నగర్‌లో దించుకునేవాళ్లం. ఆకు కోయడం, ఎండబెట్టడం, పుల్ల గుచ్చి కుట్టడం, అంతా ఇంట్లో ఆడవాళ్ల పనే. ఎండాకాలం పొలం పని లేనప్పుడు వాళ్ల చేతిలో ఆడే డబ్బు అది. మేము మూశాక ఆమె నాకు ఫోన్ చేసి, అక్కా ఇంకెవరైనా ఉంటే చెప్పు అంది. ఎవరి నంబరూ ఇవ్వలేకపోయాను. యాప్‌లో పోయే తిండికి ప్లాస్టిక్ డబ్బా కావాలి, విస్తరి అక్కరలేదు. పాలు పోసేవాళ్లు, హయత్‌నగర్ వైపు నుంచి ఆకుకూర తెచ్చేవాళ్లు, పిండి మర ఆయన, ఇలా మా ఒక్క హోటల్ చుట్టూ పదిహేను ఇళ్లకైనా నెలనెలా ఎంతో కొంత ముట్టేది.

మక్తల్ దిక్కు నుంచి వచ్చిన ఒక కుర్రాడు మా దగ్గర ప్లేట్లు కడగడంతో మొదలుపెట్టి అయిదేళ్లలో దోశె మాస్టర్ అయ్యాడు. జీతంతో పాటు తిండి, పడుకోను పై గది. ఇప్పుడు సంచీ భుజాన వేసుకుని బైక్ మీద డెలివరీలు చేస్తున్నాడు. మొన్న పండక్కి ఫోన్ చేసినప్పుడు అన్నాడు: "అక్కా, పెనం ముందు నిలబడితే చేతికి పనొచ్చేది. ఇక్కడ పదేళ్లు తిరిగినా నాకు సందులు తెలుస్తాయి, అంతే." రోజుకు వచ్చే డబ్బు అప్పటి జీతంకంటే ఎక్కువే, కాదనను. కానీ నలభై ఏళ్లొచ్చాక ఏం చేస్తాడు? వంట పని నేర్చుకునే పిల్లలకు ఫీజు అడగని బడి చిన్న హోటలే. విద్యానగర్‌లో హోటల్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, అక్కడికి ఇంటర్ చదివి పరీక్ష రాసినవాళ్లు వెళ్తారు. పదో తరగతి తప్పిన మక్తల్ పిల్లవాడికి మా వంటింటి తలుపే తెరిచి ఉండేది.

చుట్టుపక్కల ఆసుపత్రులకు వచ్చినవాళ్లు కూడా గుర్తొస్తారు. లోపల మనిషి ఉంటే బయట ఇద్దరు ముగ్గురు పదిహేను రోజులు ఉండాలి. ప్రభుత్వం పెట్టే అయిదు రూపాయల భోజనం వాళ్లను చాలా ఆదుకుంది, దాన్ని ఇంకా పెంచాలి. అది మా గిరాకీ తీసిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. కానీ వేళ తప్పి వచ్చినవాళ్లకు, రోగికి జావ కాచి ఇమ్మని అడిగేవాళ్లకు, డబ్బు అందక రెండు రోజులు ఉద్దెర పెట్టమనేవాళ్లకు మా గల్లా తప్ప వేరే చోటు ఉండేది కాదు. మా ఉద్దెర పుస్తకంలో కొన్ని పేర్లు అలాగే మిగిలిపోయాయి. ఊరికి పోయి ఆరు నెలలకు గుర్తుపెట్టుకుని వచ్చి కట్టినవాళ్లు అంతకంటే ఎక్కువ మంది.

మా వాళ్లందరూ మంచివాళ్లని నేను చెప్పను. కాగిన నూనెలోనే మళ్లీ మళ్లీ కాల్చేవాళ్లున్నారు, ఫ్రిజ్‌లో మూడు రోజుల మాంసం దాచేవాళ్లున్నారు. 2024లో ఆహార భద్రత అధికారులు హైదరాబాద్‌లో వరసగా తనిఖీలు చేసినప్పుడు టీవీలో చూసి నాకే వాంతి వచ్చినంత పనైంది. అలాంటివాళ్లను వదలొద్దు. అయితే తనిఖీకి వచ్చే అధికారి, ఏడాదికోసారి అయినా ముందుగా వచ్చి ఇది ఇలా పెట్టుకోవాలి, నీళ్లు ఇలా నిలవ చేయాలి అని చెప్పిపోతే, నేర్చుకుని బాగుపడే హోటళ్లు సగం ఉంటాయి. పదహారేళ్లలో మాకు అలా చెప్పినవాళ్లు ఒక్కరే వచ్చారు. ఆయన చెప్పిన ప్రకారమే సింకు జాగా మార్చాం.

పన్ను రేట్లు తేల్చే జీఎస్టీ మండలిలో మీరు రాష్ట్రం తరఫున కూర్చుంటారు కాబట్టి మొదటి విన్నపం మీకే. కమర్షియల్ సిలిండర్ మీద 18 శాతాన్ని తగ్గించమని అడగండి. ఇల్లు అయినా హోటల్ అయినా వండేది అన్నమే. దాంతో పాటు, కొన్నవాటి మీద కట్టిన పన్ను తీసివేసుకునే దారి కావాలనుకునే హోటల్‌కు ఆ దారి ఇవ్వండి, వద్దనుకునేవాళ్లు ఇప్పుడున్న 5లోనే ఉంటారు. మండలి తలచుకుంటే మారుతుందని మేము చూశాం. వెయ్యి రూపాయల లోపు లాడ్జి గదికి 2022 జూలై దాకా పన్నే లేదు, తర్వాత 12 శాతం వేశారు, 2025 సెప్టెంబర్ 22 నుంచి దాన్ని 5 చేశారు. గదిని చూసిన కళ్లతోనే పొయ్యినీ చూడమని అడుగుతున్నాను.

డెలివరీ కమీషన్‌కు ఒక హద్దు ఉండాలి. కనీసం చిన్న హోటళ్ల వరకైనా. వారం లెక్క తెలుగులో, ఒకే కాగితంలో, ఎంత పట్టారో ఎందుకు పట్టారో రాసి ఇవ్వాలని రూలు పెడితే అదే మాకు సగం బలం.

ఇంకొకటి. కోహెడలో పండ్లకు శాశ్వత మార్కెట్ కడతామన్న మాట ఏళ్లుగా వింటున్నాం. ఆ ప్లాన్ కాగితం మీద ఉండగానే హోటళ్లకు జాగా గీయండి. గాలి వెలుతురు, డ్రైనేజీ, మంచినీళ్ల కనెక్షన్ ఉన్న పది షట్టర్లు చాలు. వేలం పెడితే డబ్బున్న పెద్ద కంపెనీలు పాడుకుని, అక్కడ బర్గర్లు అమ్ముతాయి. గడ్డిఅన్నారం చుట్టూ నడిపి మూసుకున్నవాళ్లకు మొదటి అవకాశం ఇవ్వండి. రాత్రి మూడింటికి ఉప్మా చేయడం వాళ్లకు తెలుసు. ఇకముందు ఎక్కడ మార్కెట్ మార్చినా, బస్టాండ్ మార్చినా, రోడ్డు వెడల్పు చేసినా, సర్వే చేసే కాగితంలో హోటల్ అని ఒక గడి పెట్టించండి. అందులో పనిచేసేవాళ్ల సంఖ్య రాయించండి.

ఇప్పుడు నల్లగొండకు కూడా యాప్‌లు వచ్చాయి. మెడికల్ కాలేజీ పిల్లలు, యూనివర్సిటీ పిల్లలు ఫోన్‌లో ఆర్డర్ పెడుతున్నారు. బస్టాండ్ దగ్గర పాత మెస్ ఒకటి పోయినేడు మూతబడింది. మా కర్రీ పాయింట్‌కు వచ్చి చేరమని అడిగారు, ఇంకా ఒప్పుకోలేదు. ఎన్నాళ్లు ఒప్పుకోకుండా ఉండగలమో తెలియదు. దోశె పెనం మా ఇంట్లో అటక మీద ఉంది. కోహెడలో ఒక షట్టర్ దొరికితే ఆ పెనం మళ్లీ కిందికి దించుదామని మా ఆయన అంటున్నాడు.

నా దగ్గర పదహారేళ్ల లెక్కల పుస్తకాలు ఉన్నాయి. పదకొండు మంది జీతాలు, సిలిండర్ల రసీదులు, కిరాయి బిల్లులు, విస్తర్ల కట్టలు, ఉద్దెరతో సహా. మార్కెట్ ఉన్న చివరి నెల ఎంత, మార్కెట్ పోయిన మొదటి నెల ఎంత, రెండూ పక్కపక్కనే రాసి ఉన్నాయి. మీ కార్యాలయం నుంచి ఎవరు పిలిచినా, ఏ రోజు పిలిచినా, పొద్దున నల్లగొండలో మొదటి బస్సు ఎక్కి ఆ పుస్తకాలు తెచ్చి మీ ముందు పెడతాను.

ఇట్లు,
కొత్తపేట మార్కెట్ వెనక సందులో గల్లా మీద కూర్చున్న మనిషి,
నల్లగొండ